వెల్లకిలా, విడి పక్కమీద, అమ్మ దగ్గరే

చంటిబిడ్డ నిద్ర గురించి అమ్మలతో, అమ్మమ్మలతో, నాయనమ్మలతో

(గ్రామ ఆరోగ్య, పోషకాహార దినం నాడు అంగన్‌వాడీ కేంద్రంలో గర్భిణులకు, బాలింతలకు, వారి కుటుంబ సభ్యులకు ఆరోగ్య పర్యవేక్షకురాలు ఇచ్చిన ప్రసంగ పాఠం. తల్లీబిడ్డల పథకాల లబ్ధిదారులు దీన్ని చదివి, ఇంట్లో పెద్దలకు కూడా చదివి వినిపించగలరు.)



ఇవాళ అత్తమ్మలు, అమ్మమ్మలు కూడా వచ్చారు. చాలా సంతోషం. చంటిబిడ్డను ఎక్కడ పడుకోబెట్టాలి, ఎలా పడుకోబెట్టాలి అన్నది మన ఇళ్లల్లో పెద్దవాళ్లే చెప్తారు కదా. అందుకే ఈ మాటలు బాలింతలకు ఎంత అవసరమో మీకూ అంతే అవసరం.

ముందు ఒక సంగతి అడుగుతాను. ప్రభుత్వ ఆసుపత్రిలో పురుడు పోసుకున్నవాళ్లకి ఎన్టీఆర్ బేబీ కిట్ ఇస్తున్నారు. అందులో సబ్బు, నూనె, పౌడరు వాడేసి ఉంటారు. దోమతెర ఉన్న చిన్న పరుపు ఏం చేశారు? నేను ఇళ్లకు వెళ్లినప్పుడు చూస్తుంటాను. ఆ పరుపు బీరువా మీద మడిచిపెట్టి ఉంటుంది. "కొత్తది మేడమ్, పాడవుతుందని దాచాం" అంటారు. బిడ్డ మాత్రం పెద్ద మంచం మీద, మెత్తటి బొంతల మధ్య, అటొక దిండు ఇటొక దిండు పెట్టుకుని పడుకుని ఉంటుంది. ఆ పరుపు ఎందుకు కిందికి దించాలో చెప్పడానికే ఇవాళ వచ్చాను.

ఒక ఇంటి సంగతి

నేను ఏఎన్ఎంగా ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, నేను చూసే ఊళ్లో మూడు నెలల పాప చనిపోయింది. జ్వరం లేదు, దగ్గు లేదు. ముందురోజు రాత్రి బాగా పాలు తాగింది, ఆడుకుంది. తెల్లవారుజామున పాలు ఇద్దామని తల్లి ఒళ్లోకి తీసుకునేసరికి ఒళ్లు చల్లబడిపోయి ఉంది.

నేను వెళ్లేసరికి ఊరంతా అక్కడే ఉంది. ఒకరు దిష్టి అన్నారు. ఒకరు నాలుగు రోజుల ముందు నేను వేసిన టీకా వల్లే అన్నారు. ఎక్కువమంది అన్న మాట వేరు. "నిద్రలో తల్లే నొక్కేసి ఉంటుంది" అన్నారు. ఆ పిల్లకి అప్పటికి ఇరవై ఏళ్లు. ఆ మాట విని ఏడవడం కూడా ఆపేసింది. నెల తిరగకుండానే పుట్టింటికి పంపించేశారు.

నాకు ఆ రోజు ఏం చెప్పాలో తెలియలేదు. చేతిలో టీకాల కార్డు పట్టుకుని నిలబడ్డాను. తర్వాత శిక్షణలో తెలుసుకున్నాను, ఇలాంటి చావుకి వైద్యంలో ఒక పేరు ఉందని. ఆ రోజే నాకు తెలిసి ఉంటే ఆ పిల్లకి ఒక్క మాటైనా ఆసరాగా చెప్పేదాన్ని. ఆ అమ్మాయి సంగతి చివర్లో మళ్లీ చెప్తాను.

దీన్ని ఏమంటారు?

ఏడాది లోపు బిడ్డ, చూడ్డానికి ఆరోగ్యంగా ఉన్న బిడ్డ, నిద్రలో హఠాత్తుగా చనిపోవడం. పోస్టుమార్టం చేసినా, పడుకున్న చోటు పరిశీలించినా, బిడ్డ ఆరోగ్య చరిత్ర అంతా చూసినా కారణం దొరకకపోతే దాన్ని ఆకస్మిక శిశు మరణం అంటారు. డాక్టర్లు 'సిడ్స్' అంటారు. 1969లో అమెరికాలో జరిగిన వైద్యుల సమావేశంలో దీనికి ఈ పేరు స్థిరపడింది. మన దగ్గర చంటిబిడ్డ చనిపోతే పోస్టుమార్టం చేయించేవాళ్లు తక్కువ. అందుకని ఈ పేరు మన చెవిన పడదు. దిష్టి అనో, గాలి సోకిందనో, తల్లి తప్పనో అనుకుని ఊరుకుంటాం.

ఎందుకు జరుగుతుంది? పూర్తి జవాబు ఇంకా దొరకలేదు. అయితే పరిశోధకులు మూడు విషయాలు ఒకేసారి కలిసినప్పుడు ఇది జరుగుతుందని చెప్తున్నారు.

ఒకటి, బిడ్డలో బయటికి కనపడని లోపం. నిద్రలో మనకి ఊపిరాడకపోతే మెదడు మనల్ని కదిలిస్తుంది, లేపుతుంది. కొందరు బిడ్డల్లో మెదడు కింది భాగంలో ఉండే ఆ ఏర్పాటు ఇంకా సరిగా తయారై ఉండదు. నెలలు నిండకుండా పుట్టినవాళ్లలో, తక్కువ బరువుతో పుట్టినవాళ్లలో ఈ ప్రమాదం ఎక్కువ.

రెండు, వయసు. ఇలాంటి మరణాల్లో నూటికి తొంభై ఆరు నెలల లోపే జరుగుతాయి. అందులోనూ 2 నుంచి 4 నెలల మధ్య ఎక్కువ.

మూడు, బయటి కారణం. బోర్లా పడుకోవడం, ముఖం మెత్తటి గుడ్డల్లో కూరుకుపోవడం, ముసుగు, ఎక్కువ వేడి, పొగ లాంటివి.

మొదటిది మన కంటికి కనపడదు. రెండోది మన చేతిలో లేదు. మూడోది మాత్రం పూర్తిగా మన చేతిలోనే ఉంది. మన బిడ్డలో ఆ లోపం ఉందో లేదో ముందుగా చెప్పే పరీక్ష లేదు కాబట్టి, బిడ్డలందరి విషయంలోనూ ఆ మూడోదాన్ని తీసేయాలి.

ఆశ రాని రోజులు

ఇక్కడ మీరు గమనించాల్సిన లెక్క ఒకటుంది. ఆసుపత్రిలో ప్రసవమైతే ఆశ కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజులకు మీ ఇంటికి వస్తుంది. బిడ్డను తూస్తుంది, చూస్తుంది. ఆ తర్వాత మళ్లీ 3 నెలలకు వస్తుంది. తర్వాత 6, 9, 12, 15 నెలలకు.

అంటే 42వ రోజు తర్వాత మూడో నెల దాకా ఇంటికి వచ్చి చూసే షెడ్యూలు లేదు. సరిగ్గా ఆ మధ్యలోనే ఈ ప్రమాదం ఎక్కువగా ఉండే కాలం మొదలవుతుంది. పురిటి జాగ్రత్తలు సడలేదీ అప్పుడే. "గండం గడిచింది, ఇక ఫరవాలేదు" అనుకుంటాం. కొందరు అప్పుడే పుట్టింటి నుంచి అత్తింటికి వెళ్తారు. పడుకునే చోటు మారుతుంది, పడుకోబెట్టే చేతులు మారతాయి.

ఆ రోజుల్లో మనం కలుసుకునేది టీకాల దగ్గరే. నెలన్నరకు, రెండున్నర నెలలకు, మూడున్నర నెలలకు టీకాలు ఉంటాయి. ఆ మూడుసార్లూ టీకా వేయించుకుని వెళ్లిపోకండి. "మేడమ్, మా పాపను ఇలా పడుకోబెడుతున్నాం, సరేనా?" అని అడగండి.

వెల్లకిలా పడుకోబెట్టాలి

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇదే. పగలైనా రాత్రైనా, ఏడాది నిండేదాకా, నిద్రకు వేసేటప్పుడు బిడ్డను వెల్లకిలా వేయాలి. బోర్లా వద్దు. పక్కకు తిప్పి కూడా వద్దు, ఎందుకంటే పక్కకు తిరిగిన బిడ్డ తేలిగ్గా బోర్లా పడిపోతుంది.

ఇది ఎలా తెలిసిందంటే, ఒకప్పుడు అమెరికా, బ్రిటన్ లాంటి దేశాల్లో బిడ్డల్ని బోర్లా పడుకోబెట్టమని డాక్టర్లే చెప్పేవారు. ఆ సలహా తప్పని 1980ల చివర్లో పరిశోధనల్లో తేలింది. 1991లో బ్రిటన్‌లో, 1994లో అమెరికాలో 'వెల్లకిలా పడుకోబెట్టండి' అని ఊరూరా ప్రచారం చేశారు. అమెరికాలో 1992లో పుట్టిన ప్రతి లక్ష మంది బిడ్డల్లో 120 మంది ఇలా చనిపోయేవారు. 2001 నాటికి అది 56కు తగ్గింది. కొత్త మందు ఏదీ కనిపెట్టలేదు. పడుకోబెట్టే తీరు మార్చారు, సగానికి పైగా బిడ్డలు బతికారు.

ఇప్పుడు మీకు వచ్చే సందేహాలు నాకు తెలుసు. ప్రతి ఊళ్లోనూ ఇవే అడుగుతారు.

"వెల్లకిలా ఉంటే కక్కిన పాలు గొంతుకు అడ్డం పడవా?"

పడవు. బిడ్డ వెల్లకిలా ఉన్నప్పుడు ఊపిరి గొట్టం పైన ఉంటుంది, ఆహారం వెళ్లే గొట్టం కింద ఉంటుంది. పైకి వచ్చిన పాలు కిందికే జారతాయి. బిడ్డ మింగేస్తుంది, లేదంటే దగ్గి బయటికి పంపేస్తుంది. బోర్లా ఉంటే ఊపిరి గొట్టం కిందికి వస్తుంది, అప్పుడే పాలు అందులోకి పోయే అవకాశం ఎక్కువ. పాలు తాగాక కాసేపు భుజాన వేసుకుని వీపు నిమిరి, తేన్పు వచ్చాక వెల్లకిలా వేయండి.

"బోర్లా వేస్తే హాయిగా, మొద్దునిద్ర పోతుందమ్మా" అంటారు నాయనమ్మలు.

నిజమే. బోర్లా వేస్తే బిడ్డ త్వరగా లేవదు. భయం కూడా అక్కడే. ఊపిరాడకపోయినా లేవలేని నిద్ర అది. గంటకోసారి కదిలి, మూలిగి, లేచే బిడ్డ మనల్ని విసిగిస్తుంది. కానీ ఆ లేవడమే దానికి రక్ష.

"తల చప్పగా అయిపోదూ?"

బిడ్డ మేలుకుని ఉన్నప్పుడు, మీరు ఎదురుగా కూర్చుని, రోజులో రెండు మూడుసార్లు కాసేపు బోర్లా వేసి ఆడించండి. మెడ బలపడుతుంది, తలా గుండ్రంగా వస్తుంది. గిలక బొమ్మ ఊపాల్సింది అప్పుడే. నిద్రపోయేటప్పుడు మాత్రం పక్కలో బొమ్మ ఉండకూడదు. తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు పెడతారు. నిద్రలో అది కూడా వద్దు.

"ఆసుపత్రిలో నర్సమ్మలే బోర్లా పడుకోబెట్టారు కదా?"

నవజాత శిశువుల ప్రత్యేక విభాగంలో నెలలు నిండని బిడ్డల్ని ఊపిరి కోసం ఒక్కోసారి అలా వేస్తారు. అక్కడ గుండె, ఊపిరి చూసే యంత్రం బిడ్డకు తగిలించి ఉంటుంది. మన ఇంట్లో అది లేదు. ఇంటికి వచ్చాక వెల్లకిలానే.

"నాలుగు నెలలు దాటాక దానంతట అదే బోర్లా పడుతోంది. ఏం చెయ్యాలి?"

మీరు వేసేటప్పుడు వెల్లకిలా వేయండి. అటూ ఇటూ సులువుగా తిరగడం వచ్చిన బిడ్డను రాత్రంతా మేలుకుని సరిచేస్తూ ఉండక్కర్లేదు. చుట్టూ దిండ్లు, దుప్పట్లు లేకుండా చూసుకుంటే చాలు. బోర్లా పడటానికి ప్రయత్నిస్తున్న బిడ్డను గుడ్డలో గట్టిగా చుట్టి పడుకోబెట్టడం మాత్రం మానేయాలి.

పక్క ఎలా ఉండాలి?

బిడ్డ పక్క గట్టిగా, చదునుగా ఉండాలి. అరచేత్తో నొక్కి చూడండి. గుంట పడి అలాగే ఉండిపోతే అది బిడ్డకు పనికిరాదు. దూదిపరుపులు, బాగా మెత్తటి ఫోము పరుపులు, సోఫాలు వద్దు. మెత్తటి చోట ముఖం దిగబడితే వదిలిన గాలినే మళ్లీ పీలుస్తుంది, మంచి గాలి అందదు.

కిట్‌లో ఇచ్చిన పరుపును నేలమీద చాప వేసి, దాని మీద పరవండి. వాటర్‌ప్రూఫ్ షీటు వేస్తే దాని మీద పలుచని నూలు గుడ్డ ముడతల్లేకుండా బిగించి, అంచులు కిందికి మడవండి. దోమతెర బిడ్డ ముఖానికి, చేతులకు తగలకుండా బిగువుగా నిలబడాలి. గొడుగు ఊచ విరిగి తెర కిందికి వాలిపోతే అది తీసేసి, పెద్ద దోమతెరలో పడుకోబెట్టండి. దిండు ఉంటే అదీ తీసేయండి. ఏడాది లోపు బిడ్డకు దిండు అక్కర్లేదు.

చీర ఉయ్యాల సంగతి. మనందరం అందులో పెరిగినవాళ్లమే. ఏడుస్తున్న బిడ్డను ఊరడించడానికి, పక్కన మనిషి ఉండి చూస్తున్నప్పుడు ఊపుకోండి. కానీ అందులో బిడ్డ వీపు వంగిపోతుంది, గడ్డం గుండెకు ఆనుకుంటుంది, బట్ట ముఖం మీదికి వస్తుంది. నిద్రపట్టాక తీసి చదునైన పక్కమీద వెల్లకిలా వేయండి. రాత్రంతా ఉయ్యాల్లో వదిలేయకండి.

మెడలో నల్లతాడు, పూసల దండ, తాయెత్తు ఉంటే నిద్రవేళ తీసేయండి. తాడు బిగుసుకుంటే ప్రమాదం. దిష్టికి కట్టాలనుకుంటే మెడకు మాత్రం వద్దు.

అమ్మ పక్కనే, కానీ విడిగా

పుట్టిన బిడ్డను వేరే గదిలో పడుకోబెట్టమని ఎవరూ చెప్పరు. బిడ్డ అమ్మ గదిలోనే ఉండాలి, కనీసం మొదటి ఆరు నెలలు. చెయ్యి చాపితే అందేంత దగ్గర. అయితే పక్క విడిగా ఉండాలి. మన కిట్ పరుపు అందుకు సరిగ్గా సరిపోతుంది.

బిడ్డను పక్కలో వేసుకుని పడుకోవడం మన అలవాటు. ఆ అలవాటున్న తల్లిని నేను తప్పు పట్టను. బ్రిటన్‌లో బ్రాడ్‌ఫర్డ్ అనే ఊళ్లో దక్షిణాసియా కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ ఇళ్లల్లో తల్లీబిడ్డా పక్కపక్కనే పడుకోవడం మామూలే. అయినా అక్కడి తెల్లవాళ్ల ఇళ్లకన్నా ఈ ఇళ్లల్లో ఇలాంటి మరణాలు తక్కువని గమనించారు. ఆ తల్లులు పొగ, మద్యం ముట్టకపోవడం, బిడ్డను ఒంటరిగా వదలకపోవడం అందుకు కారణాలుగా చెప్తారు.

అందుకని రాత్రి పాలిస్తూ కునుకు పట్టిందని భయపడిపోకండి. మెలకువ రాగానే బిడ్డను తీసి విడి పక్కమీద వేయండి. కానీ కొన్నిచోట్ల పక్కలో వేసుకోవడం అసలు వద్దు. ఆ పక్కమీద పడుకునేవాళ్లలో ఎవరైనా పొగ తాగినా, మద్యం తాగినా, నిద్ర వచ్చే మందులు వేసుకున్నా వద్దు. బిడ్డ నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టినా వద్దు. సోఫాలో, పడక కుర్చీలో బిడ్డను గుండెల మీద వేసుకుని నిద్రపోవడం అన్నిటికన్నా ప్రమాదం. పెద్ద పిల్లల్ని చంటిబిడ్డ పక్కన పడుకోబెట్టకండి. వాళ్లకు నిద్రలో ఒళ్లు తెలియదు.

పొగ, వేడి

ఈ మాట మగవాళ్లకు చేరవేయండి. గర్భంతో ఉన్నప్పుడు, పురుడయ్యాక ఇంట్లో బీడీ, సిగరెట్, చుట్ట తాగితే బిడ్డకు ఈ ప్రమాదం బాగా పెరుగుతుంది. ఉత్తరాంధ్రలో ఆడవాళ్లే అడ్డపొగ తాగే ఊళ్లున్నాయి. నాయనమ్మలూ, చుట్ట నోట్లో ఉండగా మనవడిని ఎత్తుకోకండి. బయట తాగి వచ్చినా చేతులు, నోరు కడుక్కుని, చొక్కా మార్చుకుని బిడ్డ దగ్గరకు రావాలి. అసలు మానేస్తే అందరికీ మంచిది.

ఇక నూనె రాసి, నలుగు పెట్టి, వేడినీళ్ల స్నానం చేయించి, సాంబ్రాణి పొగ వేసి, గుడ్డల్లో చుట్టి, తలుపులన్నీ మూసిన గదిలో పడుకోబెడతాం. బిడ్డ మూడు గంటలు కదలకుండా పడుకుంటుంది, మనం పనుల్లో పడిపోతాం. అమ్మా, ఎక్కువ జాగ్రత్త కావాల్సింది ఆ మూడు గంటలే. సాంబ్రాణి పొగ బిడ్డ ముఖానికి పట్టకండి, గదిలో పొగ నింపకండి. గదిలో కుంపటి పెట్టకండి. గాలి ఆడనివ్వండి. ఫ్యాను నెమ్మదిగా తిరుగుతూ ఉంటే తప్పులేదు.

పుట్టిన కొత్తలో, ముఖ్యంగా బరువు తక్కువ బిడ్డకు వెచ్చదనం తప్పనిసరి. తల్లి గుండెలకు హత్తుకునే కంగారూ పద్ధతి ఆసుపత్రిలో నేర్పించినట్టే చేయండి, మీరు మేలుకుని ఉన్నప్పుడు. నెల దాటి బాగున్న బిడ్డకు మన ఎండల్లో నిద్రలో టోపీ, స్వెట్టరు, మందపు దుప్పటి అక్కర్లేదు. మనం వేసుకునే బట్టలకన్నా ఒక పొర ఎక్కువ చాలు. మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి. చెమట పట్టి ఉంటే ఒక పొర తీసేయండి. తలమీదుగా ముసుగు ఎప్పుడూ కప్పకండి.

పాలు, టీకాలు

తల్లిపాలు తాగే బిడ్డల్లో ఈ మరణాలు తక్కువ. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే ఇవ్వండి, నీళ్లు కూడా వద్దు.

టీకాల గురించి గట్టిగా చెప్తున్నాను. టీకాలు వేసే వయసు, ఈ మరణాలు ఎక్కువగా జరిగే వయసు ఒకటే కావడంతో, "టీకా వేశాకే పోయింది" అన్న మాట వస్తుంది. ఇది ఎన్నో దేశాల్లో పరిశీలించారు. టీకాల వల్ల ఈ మరణాలు రావని తేలింది. పైగా టీకాలు సమయానికి వేయించుకున్న బిడ్డల్లోనే తక్కువ. పథకం డబ్బుకీ ఇది అవసరమే. ప్రధానమంత్రి మాతృ వందన యోజనలో మొదటి కాన్పుకు వచ్చే 5,000 రూపాయల్లో రెండో విడత 2,000 రావాలంటే పుట్టుక నమోదు, మూడున్నర నెలల టీకాలు పూర్తయి ఉండాలి.

బిడ్డకు బాగాలేకపోతే

జబ్బును నిద్ర అనుకుని వదిలేయకండి. పాలు సరిగా తాగకపోయినా, లేపినా లేవకుండా మగతగా ఉన్నా, ఊపిరి వేగంగా తీసుకుంటున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, ఒళ్లు కాలుతున్నా లేక చల్లబడినా, ఫిట్స్ వచ్చినా వెంటనే ఆసుపత్రికి రండి. జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ఏడాది లోపు బిడ్డకు ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యం, మందులు, పరీక్షలు, రానుపోను వాహనం ఉచితం. డబ్బు లేదని తెల్లవారేదాకా ఆగొద్దు.

బిడ్డ ఊపిరి తీసుకోకుండా కనిపిస్తే కేకవేసి మనిషిని పిలిచి 108కి ఫోన్ చేయించండి. పట్టి కుదపకండి. గట్టి నేలమీద వెల్లకిలా వేసి, రెండు చేతులతో ఛాతీని చుట్టిపట్టుకుని, రెండు బొటనవేళ్లతో ఛాతీ మధ్యలో, చనుమొనల గీతకు కాస్త కింద, వేగంగా 30 సార్లు నొక్కండి. తర్వాత బిడ్డ ముక్కూ నోరూ కలిపి మీ నోటితో మూసి, ఛాతీ లేచేంత మాత్రమే రెండుసార్లు మెల్లగా ఊదండి. అంబులెన్సు వచ్చేదాకా అలాగే చేస్తూ ఉండండి. ఇది ఒకసారి బొమ్మ మీద చేసి చూపించమని మీ ఏఎన్ఎంను అడగండి.

అయినా జరిగితే

ఇవన్నీ చేస్తే ప్రమాదం బాగా తగ్గుతుంది. కానీ పూర్తిగా పోదు. అన్నీ సరిగ్గా చేసిన ఇంట్లో కూడా ఇది జరగొచ్చు. ఇది నిజం, దాచకూడదు.

అలా జరిగితే ఊళ్లో ఉన్న మనందరం చేయాల్సిన మొదటి పని, తల్లిని ఒక్క మాట కూడా అనకపోవడం. ఆమె నొక్కేసిందని అనడానికి చూసినవాళ్లు ఎవరూ లేరు. నిద్రలో వచ్చే ఈ చావుకి చప్పుడు ఉండదు, ఏడుపు ఉండదు. పక్కనే మేలుకుని ఉన్న మనిషికి కూడా తెలియకపోవచ్చు.

తర్వాత ఆశకో, ఏఎన్ఎంకో చెప్పండి. శిశు మరణాల మీద ప్రభుత్వం సమీక్ష చేస్తుంది. మా వాళ్లు ఇంటికి వచ్చి, బిడ్డ ఎలా ఉండేది, ఏం జరిగింది అని అడుగుతారు. అది ఎవరినీ శిక్షించడానికి కాదు, పథకం ఆపడానికి కాదు. ఎక్కడ లోపం ఉందో తెలిస్తే ఇంకో బిడ్డను కాపాడుకోవచ్చు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. బోర్లా పడుకోబెట్టామని చెప్పడానికి భయపడొద్దు.

బిడ్డ పోయినా తల్లికి పాలు వస్తూనే ఉంటాయి. ఈ బాధ ఎవరికీ చెప్పుకోలేక ఆడవాళ్లు రాత్రంతా ఏడుస్తారు. నొప్పి తగ్గేంత మటుకే కొద్దిగా పిండేయాలి, తడిగుడ్డ వేసుకోవాలి. జ్వరం, గడ్డ, ఎరుపు ఉంటే మా దగ్గరకు రావాలి. నిద్రపట్టకపోయినా, బతకాలని లేకపోయినా టెలీ మానస్ నంబరు 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. ఉచితం. తండ్రి కూడా చేయొచ్చు. ఏడవలేని మగవాళ్లకి మరీ అవసరం.

ఆ అమ్మాయి సంగతి చెప్తానన్నాను. రెండేళ్ల తర్వాత మళ్లీ నెల తప్పి నా దగ్గరకు వచ్చింది. కార్డు రాయించుకుంటూ తల వంచుకుని, "మేడమ్, ఆ రోజు నేనే చంపానా?" అని అడిగింది. రెండేళ్లు ఆ ప్రశ్న మోసింది. నువ్వు కాదమ్మా అన్నాను. ఇందాక మీకు చెప్పినవన్నీ చెప్పాను. పక్కన వాళ్ల అత్త ఉంది. "బోర్లా వేసింది నేనే. మా అత్త నాకలాగే చెప్పింది" అంది. ఆమెదీ తప్పు కాదు. ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన మాకే అప్పుడు తెలియదు.

రెండో బిడ్డ పుట్టాక నేను వెళ్లినప్పుడల్లా ఆ అత్తే ముందు లోపలికి తీసుకెళ్లి చూపించేది. "చూడండి, వెల్లకిలానే వేశాను" అనేది. ఆ పిల్లాడు ఇప్పుడు బడికి వెళ్తున్నాడు.

ఇంటికి వెళ్లాక ఈ పనులు చేయండి

1. బీరువా మీద ఉన్న కిట్ పరుపు దించండి. నొక్కి చూసి, చాప మీద పరవండి.

2. నిద్రకు వేసిన ప్రతిసారీ వెల్లకిలా వేయండి. అమ్మమ్మ, నాయనమ్మ, బిడ్డను చూసే ప్రతి ఒక్కరికీ ఇది చెప్పండి.

3. పక్కలో దిండు, బొమ్మ, మందపు దుప్పటి, మెడలో తాడు లేకుండా చూడండి.

4. అమ్మ గదిలోనే, చెయ్యి అందేంత దగ్గర, విడి పక్కమీద పడుకోబెట్టండి.

5. ఇంట్లో పొగ వద్దు. తాగిన మనిషి పక్కన బిడ్డ వద్దు.

6. ముసుగు వద్దు, ఉక్క వద్దు. మెడ వెనక చెమట చూడండి.

7. ఆరు నెలలు తల్లిపాలే ఇవ్వండి. నెలన్నర, రెండున్నర, మూడున్నర నెలల టీకాలు ఒక్కటీ తప్పకూడదు.

ఈ కాగితం మీ ఫోన్‌లో ఉంచుకోండి. మీ వీధిలో కడుపుతో ఉన్న అమ్మాయి ఎవరున్నా పంపించండి. చదువు రాని అత్తమ్మలకు మీరే చదివి వినిపించండి. వచ్చే టీకాల రోజున కలుద్దాం. ఆ రోజు ప్రతి తల్లినీ ఒకటే అడుగుతాను: రాత్రి బిడ్డను ఎలా పడుకోబెట్టారు?